పండగ సద్దిమూట

టర్కీ కోడి, కాల్చిన దుంపలు, గ్రేవీ, పుల్లటి క్రాన్‌బెర్రీ... క్రిస్మస్ బల్ల మీదివన్నీ ఒక్క పిండి మడతలో సర్దుకుంటే అదే పండగ పాస్టీ. ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్ గనుల్లో పేరు తెచ్చుకున్న తిండి పాస్టీ. దాన్ని వెంట తీసుకెళ్లిన మనుషుల అడుగులు మెక్సికోలోనూ ఉన్నాయి, మన చిత్తూరు పక్కనున్న కోలారులోనూ ఉన్నాయి.

డిసెంబరు 26. పొద్దున్న ఎనిమిదయింది. చలికాలంలో కార్న్‌వాల్‌లో ఆ వేళకి ఇంకా సరిగ్గా తెల్లారదు. అక్క ఫ్రిజ్ తలుపు తీసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. లోపల నిన్నటి పండగ ఉన్నదున్నట్టుంది. సగానికి సగం టర్కీ కోడి, రేకు కప్పిన పళ్లెంలో బంగాళాదుంపలు, గిన్నెలో గడ్డకట్టిన గ్రేవీ, పిల్లలు వేలు కూడా పెట్టని బ్రసెల్స్ స్ప్రౌట్స్.

"నలుగురున్న ఇంటికి ఐదు కిలోల కోడి ఎందుకే? మీ బావకి చెప్పే దిక్కు లేదు" అంది, ఆ కోడిని నేనే మోసుకొచ్చినట్టు నావైపు చూసి.

బావ ఇంట్లో లేరు, ఆస్పత్రి డ్యూటీలో ఉన్నారు. ముందురోజు క్రిస్మస్‌కీ అంతే. బ్రిటన్‌లో డిసెంబరు 25న రైళ్లు తిరగవు, పెద్ద దుకాణాలు తలుపులు తియ్యవు. రోగాలకి మాత్రం సెలవుండదు. కోడిని ఎంచి కొన్నది ఆయన, దాని రుచి చూడకుండా వెళ్లిపోయిందీ ఆయనే.

అప్పుడే పక్కింటి పెద్దావిడ తలుపు కొట్టారు. డెబ్బై దాటిన మనిషి. వాళ్ల తాత తగరం గనిలో పనిచేశాడట. ఫ్రిజ్‌లోకి ఒకసారి తొంగిచూసి, మా ఇద్దరి మొహాలు చూసి, కోటు విప్పి కుర్చీకి తగిలించారు. "మీ ఆయనకి భోజనం పంపాలి కదా. పిండి ఎక్కడుంది?" అన్నారు.

ఆ రోజు మేం చేసినవి పాస్టీలు.

మూట కూడా తినేదే

ముందు పేరు సంగతి. మన బేకరీలో పేస్ట్రీ అడిగితే క్రీము పూసిన కేకు ముక్క చేతిలో పెడతారు. పాస్టీకి దానితో ఏ చుట్టరికమూ లేదు. చపాతీ కన్నా మందంగా వత్తిన పిండి మీద ఒకపక్క కూర పెట్టి, రెండో సగాన్ని పైకి మడిచి, అంచుని మెలిపెట్టి ఓవెన్‌లో కాలుస్తారు. పైకి చూస్తే అరచేతి కన్నా పెద్ద కజ్జికాయ. పట్టుకుంటే బరువుగా ఉంటుంది. ఒక్కటి తింటే పూట గడుస్తుంది.

దీనికి తెలుగులో దగ్గరి మాట నాకు ఒక్కటే తోచింది: సద్ది. పొలానికో, పనికో పోయే మనిషికి ఇంటి నుంచి కట్టిచ్చే తిండి. కాకపోతే ఈ సద్దిమూటలో గుడ్డని కూడా తినేయొచ్చు.

ఇంగ్లండ్‌లో పాస్టీ అనే మాట పాతదే. మొదట్లో అది దొరల తిండి, లోపల లేడి మాంసం ఉండేది. ప్లిమత్ పట్టణపు లెక్కల పుస్తకంలో 1510 నాటికే దాని ప్రస్తావన ఉంది. గని కార్మికుడి చేతికొచ్చేసరికి లేడి పోయి కాస్త గొడ్డుమాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ, స్వీడ్ అనే పసుపుపచ్చ దుంప మిగిలాయి. ఆ స్వీడ్‌ని కార్న్‌వాల్‌లో టర్నిప్ అనే పిలుస్తారు. పొరుగూరివాళ్లు వచ్చి సరిదిద్దబోయినా వినరు.

తెల్లవారకముందే గనిలోకి దిగే మనిషి మళ్లీ పొద్దు వాలాకే పైకొచ్చేది. లోపల పళ్లెం ఉండదు, బల్ల ఉండదు, చెయ్యి కడుక్కోవడానికి నీళ్లూ ఉండవు. అందుకే భోజనమంతా ఒంటిచేత్తో పట్టుకునేలా ఉండాలి, జేబులో చితకకూడదు. ఇంటి ఇల్లాలు పిండి మీద ఒక మూలన భర్త పేరులోని మొదటి అక్షరాన్ని చెక్కేది. అక్షరం లేని కొస నుంచి తినడం మొదలుపెడితే, సగంలో ఆపినా మిగిలిన ముక్క ఎవరిదో తెలిసిపోతుంది.

మందపాటి అంచు గురించి ఒక కథ ఊరూరా చెబుతారు. కార్న్‌వాల్ ఖనిజంలో ఆర్సెనిక్ ఉంటుంది, అది అంటిన చేత్తో అంచు పట్టుకుని మిగతాది తిని, చివర్లో ఆ అంచుని పారేసేవారని. చెప్పుకోడానికి బాగుంది గానీ, గనుల్లో తీసిన పాత ఫొటోల్లో కార్మికులు పాస్టీని గుడ్డలోనో కాగితంలోనో చుట్టి పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసదాకా తింటున్నట్టే కనిపిస్తారు. ఆకలిగొన్న మనిషి అంత పిండిని పారేస్తాడా అని పెద్దావిడ ప్రశ్న. ఆవిడ నమ్మేది మరో కథ. గనిలో నాకర్స్ అనే పొట్టి దెయ్యాలుంటాయట. గోడల్లోంచి టకటకమని కొడుతుంటాయట. చివరి ముక్క వాటికి వదిలితే ప్రమాదం వచ్చే ముందు హెచ్చరిస్తాయట. "మా తాత రోజూ వదిలేవాడు. తొంభై ఏళ్లు బతికాడు" అన్నారావిడ. ఇక మాట్లాడటానికేముంది!

పేరుకి కాపలా

ఇంత చరిత్ర ఉన్నాక పేరుకి కాపలా ఉంటుంది. తిరుపతి లడ్డూకి మనకి భౌగోళిక గుర్తింపు ఉన్నట్టే కార్నిష్ పాస్టీకి 2011లో యూరోపియన్ యూనియన్ గుర్తింపు వచ్చింది. పాస్టీని కార్న్‌వాల్‌లోనే తయారు చేయాలి. ఆకారం ఇంగ్లిష్ అక్షరం 'డి'లా ఉండాలి. మడత పక్కనే రావాలి, నెత్తిన రాకూడదు. కనీసం 12.5 శాతం గొడ్డుమాంసం, 25 శాతం కూరగాయలు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, లోపలివన్నీ పచ్చివిగానే పెట్టాలి. పిండి లోపలే అవి తమ ఆవిరితో తామే ఉడకాలి. క్యారెట్ వేస్తే అది కార్నిష్ పాస్టీ కాదు.

ఈ తిండి మీద చెయ్యేసి బ్రిటన్ ప్రభుత్వమే వేలు కాల్చుకుంది. 2012 మార్చి బడ్జెట్‌లో ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ బేకరీల్లో వేడివేడిగా అమ్మే పాస్టీలాంటి వాటి మీద 20 శాతం పన్ను వేయబోయారు. 'పాస్టీ ట్యాక్స్' అని దేశమంతా గోల లేచింది. మూడు నెలలు తిరక్కుండానే, మే చివరికల్లా, వెనక్కి తగ్గక తప్పలేదు.

మరి టర్కీ కోడి, క్రాన్‌బెర్రీ పెట్టిన పండగ పాస్టీ సంగతి? నిబంధనల ప్రకారం దానికి కార్నిష్ అనే ఇంటిపేరు దక్కదు. అయినా డిసెంబరు వచ్చిందంటే కార్న్‌వాల్ దుకాణాల్లో దాని వాసనే. బ్రిటన్ అంతటా గ్రెగ్స్ బేకరీల్లో 'ఫెస్టివ్ బేక్' వచ్చిందంటే పండగ సీజన్ మొదలైనట్టు లెక్క. చికెన్, సేజ్ ఆకు, ఉల్లిపాయ, బేకన్, క్రాన్‌బెర్రీ అన్నీ పొరలుపొరల పిండిలో ఉంటాయి. ఆఫీసుకి పరిగెత్తే మనిషి ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో క్రిస్మస్ భోజనం పట్టుకుని నడుస్తాడు.

గోడ కట్టినట్టు కట్టిన పిండి

పండగ మాంసాన్ని పిండిలో పెట్టడం బేకరీలు కనిపెట్టిన ఉపాయమేం కాదు. 1747లో హన్నా గ్లాస్ రాసిన వంటల పుస్తకంలో 'యార్క్‌షైర్ క్రిస్మస్ పై' ఉంది. ఎముకలు తీసిన పావురాన్ని కౌజుపిట్టలో, దాన్ని కోడిలో, కోడిని పెద్దబాతులో, పెద్దబాతుని టర్కీలో కూరి, చుట్టూ పిండి గోడ కట్టడం. ఆ గోడకి పట్టే పిండి ఒక బుషెల్. మన లెక్కలో పాతిక కిలోల పైమాటే. ఎందుకంత అంటే, వాటిని పెట్టెల్లో పెట్టి లండన్‌లోని వాళ్లకి పండగ కానుకగా పంపేవారు. బండి కుదుపులకి గోడ కూలకూడదు కదా!

మన బేకరీల్లో కూడా పరిచయమైన మిన్స్ పై చూడండి. ఇప్పుడు లోపలంతా ఎండుద్రాక్ష, తీపి. 'మిన్స్' అంటే తరిగిన మాంసం అన్న అర్థం మాత్రం పేరులో ఉండిపోయింది. ఒకప్పుడు అందులో నిజంగానే వేటమాంసం ఉండేది. కాలం గడిచేకొద్దీ మాంసం జారుకుంది, పేరు మిగిలింది.

కార్న్‌వాల్ తీరంలో మౌజల్ అనే చేపలవాళ్ల పల్లె ఉంది. అక్కడ డిసెంబరు 23 రాత్రి చేసే వంటకం పేరు స్టార్‌గేజీ పై. పిండి కప్పులోంచి చేపల తలలు బయటికి పెట్టుకుని ఆకాశంలో చుక్కల్ని చూస్తుంటాయి. తుపాను రోజుల్లో ఊరు ఆకలితో మాడుతుంటే టామ్ బాకాక్ అనే జాలరి ఒక్కడే సముద్రం మీదికి పోయి పడవ నిండా చేపలు తెచ్చాడనీ, అన్నిటినీ ఒకే పైలో వండి ఊరంతా తిన్నారనీ కథ. లోపల నిజంగా చేపలే ఉన్నాయని నమ్మకం కుదరాలనే తలలు బయటికి పెట్టారట.

దేనికది వేరుగా కనిపించినా యార్క్‌షైర్ పై, పాస్టీ రెండూ చేసే పని ఒకటే. పండగ బల్ల దగ్గరికి రాలేనివాళ్లకి పండగని మోసుకెళ్లడం.

నా గనిలోకి నీళ్లొచ్చాయి

ఇక మా వంటింటికి వస్తే, పెద్దావిడ పిండి కలిపిన తీరు చూసి ఆశ్చర్యపోయాను. 'పై'కి వాడే పిండి గుల్లగా రావాలని అతి తక్కువ పిసుకుతారు. ఈవిడ మాత్రం చపాతీ ముద్దలా మర్దించారు. 'పై'కి పళ్లెం ఆసరా ఉంటుంది, పాస్టీకి తన బలమే తనకి ఆసరా. అందుకే రొట్టెలకి వాడే గట్టి మైదా, బాగా పిసకడం, ఆ తర్వాత మూడు గంటలు ఫ్రిజ్‌లో విశ్రాంతి. పిండికి విశ్రాంతి ఇవ్వకపోతే వత్తిన కొద్దీ వెనక్కి ముడుచుకుంటుంది.

"అంచు ఎలా మడవాలో చూపిస్తాను" అని మొదలుపెట్టారు. రెండు అంచులు నొక్కి, మూల నుంచి బొటనవేలితో కొంచెం పిండిని పైకి తెచ్చి లోపలికి మడిచి, ఆ మడత మీద మరో మడత. జడ అల్లినట్టు ఇరవై దాకా మడతలు. నేను చేసింది చూసి ఆవిడ చెయ్యి ఆపేశారు. "ఎక్కడ నేర్చుకున్నావు?"

మా తెనాలి ఇంట్లో క్రిస్మస్ అంటే కేకు ఒక్కటే కాదు, గులాబీ పువ్వులు, అరిసెలు, కజ్జికాయలు. కజ్జికాయల చెక్క ఇంట్లో ఉన్నా అమ్మ వాడేది కాదు. "చెక్కలో నొక్కితే అన్నీ ఒకే మొహంతో వస్తాయి" అనేది. తెలంగాణలో గరిజెలు చేసే ఇళ్లలోనూ ఈ చేతి మెలికని చూశాను. అమ్మ పక్కన కూర్చుని ఎన్ని వందల అంచులు మెలిపెట్టానో. నూనెలో విచ్చుకున్న కజ్జికాయ కొబ్బరంతా కక్కేస్తుంది కాబట్టి అంచు మీద అమ్మ చూపు పోలీసు చూపులా ఉండేది. ఆ భయమే కార్న్‌వాల్‌లో నాకు పేరు తెచ్చింది.

ఆ పేరు గంట కూడా నిలవలేదు. పిండిలో ముక్కలన్నీ పొడిపొడిగా ఉన్నాయనిపించి, ఎవరూ చూడకుండా వేడి చేసిన గ్రేవీ ఒక గరిటె పోశాను. పదిహేను నిమిషాలకి ఓవెన్‌లోంచి మాడువాసన, వెంటనే పొగ అలారం కూత. తీసి చూస్తే నా పాస్టీ కడుపు పగిలి, గ్రేవీ ట్రే అంతా పారి, నల్లగా అట్టకట్టింది. పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని "గనిలోకి నీళ్లొచ్చాయి" అన్నారు.

తప్పు ఎక్కడో ఆవిడే చెప్పారు. మామూలు పాస్టీలో పచ్చి మాంసం, పచ్చి దుంపలు నిదానంగా ఉడుకుతూ రసాన్ని కొంచెం కొంచెంగా వదులుతాయి. ఆలోపు పిండి గట్టిపడుతుంది. పండగ పాస్టీలో అన్నీ ముందే ఉడికినవి, కొత్తగా వదలడానికి వాటిలో రసం లేదు. అందుకే గ్రేవీ కావాలి. కానీ వేడిది పోస్తే పిండిలోని వెన్న ఓవెన్‌కి వెళ్లకముందే కరుగుతుంది, పలచగా పోస్తే మరిగి అతుకుని తన్నేస్తుంది. ఎముకలతో కాచిన గ్రేవీ ఫ్రిజ్‌లో జున్నులా గడ్డకడుతుంది. దాన్ని అలాగే చెంచాతో తీసి పెట్టాలి. అడుగున స్టఫింగ్ పరవాలి. రొట్టెపొడి, ఉల్లిపాయ, సేజ్ ఆకు కలిపిన ఆ ముద్ద కరిగే గ్రేవీని పీల్చుకుంటుంది. దాని మీద దుంప ముక్కలు, ఆపైన మాంసం, చివర్లో క్రాన్‌బెర్రీ. పిల్లలు వద్దన్న బ్రసెల్స్ స్ప్రౌట్స్‌ని సన్నగా తరిగి మధ్యలో దాచేశాం. మధ్యాహ్నం వాళ్లే రెండోది అడిగారు.

ఇంట్లో చేసుకోవాలంటే (ఆరు పాస్టీలకు)

పిండికి: మైదా 500 గ్రాములు (రొట్టెల మైదా దొరికితే మరీ మంచిది), చల్లటి వెన్న 150 గ్రాములు, ఉప్పు చెంచా, చన్నీళ్లు 175 మి.లీ. దాకా.

పూర్ణానికి: కాల్చిన కోడి లేదా టర్కీ మాంసం 400 గ్రాములు, కాల్చిన బంగాళాదుంప, క్యారెట్ ముక్కలు 300 గ్రాములు, స్టఫింగ్ 150 గ్రాములు, గడ్డకట్టిన గ్రేవీ ఆరు చెంచాలు, క్రాన్‌బెర్రీ సాస్ ఆరు చెంచాలు, మిరియాల పొడి. క్రాన్‌బెర్రీ లేకపోతే వాక్కాయలతో చేసి దాచుకున్న తీపి పచ్చడి ఆ పులుపుని చక్కగా అందిస్తుంది. మాంసం తిననివాళ్లు పుట్టగొడుగులు, పనీర్ వేయించి వాడుకోవచ్చు. వాళ్లకి ఎముకల గ్రేవీ బదులు కార్న్‌ఫ్లోర్‌తో చిక్కగా కాచి చల్లార్చిన కూరగాయల రసం.

మైదాలో ఉప్పు, వెన్న వేసి రవ్వలా నలిపి, నీళ్లు పోసి గట్టిగా పిసికి మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఆరు ఉండలు చేసి, భోజనం పళ్లెంలో ఇమిడేంత, అంటే 20 సెంటీమీటర్ల వెడల్పున వత్తాలి. బాగా చల్లారిన పూర్ణాన్ని సగం మీద పెట్టి మడిచి అంచు మెలిపెట్టాలి. పైన చిన్న గాటు, గుడ్డు సొన పూత. 200 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు, 180లో మరో 20 నిమిషాలు. లోపలి దాకా పొగలు కక్కేంత వేడెక్కాలి. మిగిలిన మాంసాన్ని వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లోపు వాడేయాలి. మళ్లీ వేడి చేయడం ఒక్కసారే.

టర్కీ ఇటొచ్చింది, పాస్టీ అటెళ్లింది

ఓవెన్ ముందు కూర్చున్నప్పుడు పెద్దావిడ గోడ మీద ఫొటోల్ని చూపించినట్టు వేళ్ల మీద దేశాల్ని లెక్కపెట్టారు. చిన్నతాత మిచిగన్‌లో, ఇంకొకాయన ఆస్ట్రేలియాలో, మరొకాయన మెక్సికోలో. 1860ల్లో రాగి ధర కుప్పకూలాక కార్న్‌వాల్ గని కార్మికులు ఇళ్లు వదిలి ప్రపంచమంతా పోయారు. భూమిలో ఎక్కడ గొయ్యి కనబడినా అడుగున ఒక కార్న్‌వాల్ వాడు ఉంటాడని సామెతే పుట్టింది.

మెక్సికోకి అంతకన్నా ముందే, 1820ల్లో, వెండి గనుల కోసం వెళ్లారు. అక్కడ రియల్ దెల్ మోంతెలో పాస్టీ ఇప్పుడు 'పాస్తె'. లోపల మిరపకాయలు, మోలె సాస్, అనాసపండు కూడా పెడతారు. దానికో మ్యూజియం కూడా ఉంది. తమాషా ఏమిటంటే, టర్కీ కోడి పుట్టిల్లు మెక్సికో. 16వ శతాబ్దంలో స్పెయిన్ ఓడల్లో యూరప్‌కి వచ్చి, బ్రిటన్ క్రిస్మస్ బల్ల మీదికి ఎక్కింది. అక్కడి కోడి ఇటొచ్చింది, ఇక్కడి పిండి అటెళ్లింది. రెండూ పండగ పాస్టీలో కలుసుకున్నాయి.

రియల్ దెల్ మోంతె గనుల కోసం 1824లో లండన్‌లో పెట్టిన కంపెనీని నడిపించింది జాన్ టేలర్ అనే గని ఇంజినీరు. 1880లో కోలారు బంగారు గనుల బాధ్యత తీసుకున్న 'జాన్ టేలర్ అండ్ సన్స్' ఆయన కుటుంబ సంస్థే. అలా కార్న్‌వాల్ మనుషులు కోలారుకీ వచ్చారు. వాళ్ల బంగళాలు, క్లబ్బులు చూసి ఆ ఊరికి 'లిటిల్ ఇంగ్లండ్' అనే పేరొచ్చింది. భూమి లోపలికి మూడు కిలోమీటర్ల పైచిలుకు దిగి రాయి కొట్టింది మాత్రం ఎక్కువగా తమిళ, తెలుగు కూలీలు. కార్న్‌వాల్‌లో మిగిలిన చివరి తగరం గని సౌత్ క్రాఫ్టీ 1998లో మూతపడింది. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ కూలీలు కట్టుకెళ్లిన సద్ది వేరు, ఆ దొరలు తిన్న పాస్టీ వేరు. పొద్దున్నే లేచి మూట కట్టిచ్చిన చేతుల ఆదుర్దా మాత్రం ఒకటే అయుంటుంది.

పిండిలో మాంసం మడవడం మనకి తెలియని విద్యా కాదు. హైదరాబాద్ పెళ్లిళ్లలో ఖీమా నింపి నలుపలకలుగా వేయించే లుఖ్మీ ఉంది. ఏ ఊరి బస్టాండు బేకరీలోనైనా సాయంత్రానికి అయిపోయే ఎగ్ పఫ్ ఉంది. మన పండగ బల్ల మీదివి అందులో పెట్టాలన్న ఆలోచనే మనకింకా రాలేదు. బక్రీద్ మర్నాడు మిగిలిన వేటమాంసం, సంక్రాంతికి వండిన నాటుకోడి... నిదానంగా ఆలోచించండి.

మూలన ఒక అక్షరం

ఓవెన్‌లో పెట్టే ముందు పెద్దావిడ చాకు అక్క చేతికిచ్చారు. "అక్షరం పెట్టు. లేకపోతే ఆస్పత్రిలో ఎవరిదో ఎలా తెలుస్తుంది?" అక్క ఒక్క క్షణం ఆలోచించి, మిగిలిన పిండిలోంచి సన్నటి తీగ తీసి, మూలన 'బా' అని అతికించింది. "ఇదేం అక్షరం?" అన్నారావిడ. "మా చెల్లి ఆయన్ని పిలిచే పిలుపులో మొదటిది" అంది అక్క. తను పిలిచే పిలుపు 'ఏవండీ' కాబట్టి అది ఇంగ్లిష్ ఆవిడకి వివరించడం కష్టమనుకుంది కాబోలు.

రెండు పాస్టీల్ని రేకులో చుట్టి, మీద తువ్వాలు కప్పి, ఊరి చివర ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. బావ వార్డు వదిలి రాలేకపోయారు. రిసెప్షన్‌లో ఇచ్చి వచ్చేశాను.

రాత్రి పదకొండింటికి ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. రేకు మీద రాలిన పొడి, మరకలు, మధ్యలో మూల ముక్క ఒక్కటి. దాని మీద కాస్త ఉబ్బి, ఎర్రగా కాలిన 'బా'. కింద బావ రాత: "మరదలా, నాకు తెలియని ఆచారం ఏదో ఉందట, ఇక్కడి నర్సు చెప్పింది. ఈ ముక్క గని దెయ్యాలకి వదలాలటగా?"

అక్క భుజం మీంచి చూసింది. నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"దెయ్యాలకేం అక్కర్లేదు, తినెయ్యమని రాస్తున్నా. నిన్నటి నుంచి ఆయనకి అన్నం లేదు."